అయిదో తూటా

పోయిన వారం సారెల్ వెర్మాక్‌ని తుపాకీలు బాగుచేసే ఊమ్ ఫాన్ కొట్టు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. భుజాన రైఫిల్ సంచీ, పక్కన భార్య రొనెల్. వాళ్ళిద్దర్నీ దింపేసి, ఒంటిగంటకి వచ్చి తీసుకెళ్తానని చెప్పి తన తెల్లటి బక్కీ ట్రక్కుని వెనక్కి తిప్పుకున్నాడు రొనెల్ వాళ్ళ అన్నయ్య వెస్సెల్. ఆ దుమ్ము ఇంకా కిందికి దిగలేదు.

మధ్యలో చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. సారెల్ పని జింకల మందల్ని పలచన చెయ్యడం. మా కరూ మెట్టనేలలో చలికాలానికి గడ్డి అయిపోతుంది, స్ప్రింగ్‌బాక్ జింకలు మిగిలిపోతాయి. రైతులు గురి ఉన్నవాళ్ళకి కబురు పెడతారు. తలకి తగిలిన జింకనే మాంసం వాళ్ళు లారీ ఎక్కించుకుంటారు, ఒంట్లో ఇంకెక్కడ తగిలినా వద్దంటారు. అందుకని మా వైపు గురి అంటే తల, అంతే. పోయిన ఏడు జూన్‌లో, అంటే మాకు నడిచలిలో, కరీబాస్ పొలంలో సారెల్ తూటా ఒక ఆడజింక దవడ పగలగొట్టింది. అది మందతో పాటే పరిగెత్తి కనపడకుండా పోయింది. తర్వాత గాలిమర కింద తొట్టి పక్కన చచ్చి దొరికింది. నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి, తాగడానికి నోరు లేదు.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఒక మాట పుట్టింది. 'వెర్మాక్ చెయ్యి.' సారెల్ వాళ్ళ నాన్నకి చివరి అయిదారేళ్ళు చేతివణుకు ఉండేది, చర్చిలో పాటల పుస్తకం పట్టుకుంటే కాగితాల చప్పుడు వెనక బల్ల దాకా వినిపించేది. కొడుక్కీ అదే వచ్చిందన్నారు. ఎవరూ మొహం మీద అనలేదు. పిలవడం మానేశారు.

ఇప్పుడు మళ్ళీ చలి మొదలైంది. సోమవారం కరీబాస్‌లో వేట. అక్కడి యజమానురాలు తాన్నీ డలేనా, అంటే డలేనా పిన్ని, ఒకటే మాట కబురు పెట్టింది. "ఊమ్ ఫాన్ సరేనంటే వాణ్ణి రమ్మను. ఆయన సరేననకపోతే మళ్ళీ ఎప్పుడూ రావద్దను."

*

ఊమ్ ఫాన్ కొట్టంటే ఇంటి వెనక రేకుల షెడ్డు. దాని వెనక వంద మీటర్ల ఖాళీ నేల, చివర మట్టికట్ట. ఆయనకి డెబ్బై దాటాయి, ఊరందరికీ ఊమ్, అంటే బాబాయ్. ఎంత చలిలోనైనా పొట్టి నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, కుడి మేజోడులో దువ్వెన. వీళ్ళు లోపలికి వచ్చేసరికి రస్కు కాఫీలో ముంచి, అది మెత్తబడేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"కాళ్ళు తుడుచుకోకండి," అన్నాడు. "బయట దుమ్ము ఇంకా పాడైపోతుంది."

"బాగున్నారా ఊమ్?"

"చచ్చినవాళ్ళ కంటే నయం. ఏం కావాలి?"

"కొత్త స్కోపు."

"నాకు కొత్త మోకాలు కావాలి. కూర్చో."

రొనెల్ కూర్చుంది. సారెల్ కూర్చోలేదు. కాఫీ కప్పు ఇస్తే ఎడం చేత్తో అందుకున్నాడు. జూన్ నుంచి అతను ఏదైనా ఎడం చేత్తోనే అందుకుంటున్నాడు. ఊమ్ ఫాన్ అది చూశాడు, చూడనట్టు మొహం తిప్పుకుని బల్ల మీద పచ్చగుడ్డ తీశాడు. కింద మూడు స్కోపులు, రైఫిల్ మీద బిగించే దుర్బిణీలు, ఉన్నాయి. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి ఆ రెంటికీ మధ్యగా.

సారెల్ చెయ్యి పొడుగుదాని మీదకి వెళ్ళింది. కొత్తవాడైనా పాతవాడైనా ముందు దాని మీదకే వెళ్తుంది.

"ఇది ఎన్ని రెట్లు?"

"ఇరవై అయిదు. గుమ్మంలో ఇసకసంచీ ఉంది, దాని మీద పెట్టి చూడు. ఎదురుగా గాలిమర కనిపిస్తోందా?"

"రేకు మీద తుప్పు మచ్చ కూడా కనిపిస్తోంది ఊమ్. తుప్పులో చిల్లు కూడా."

"సంతోషం. ఇప్పుడు కొంచెం దించి కింద తొట్టి చూడు."

సారెల్ చూశాడు.

"ఊగుతోంది."

"తొట్టి ఎందుకు ఊగుతుంది అబ్బాయ్? సిమెంటు తొట్టి. అది ఎండమావి. ఈ చలిలో, పొద్దున పూటే ఇలా ఉంది. మధ్యాహ్నానికి నీ జింక పులుసులో ఉడికే ముక్కలాగా పైకీ కిందకీ పోతుంది. రెట్లు పెంచితే జింక ఒక్కటే పెద్దదవ్వదు. ఎండమావీ పెద్దదవుతుంది. గాలీ పెద్దదవుతుంది. నీ..."

అక్కడ ఆపేశాడు. ఏం అనబోయాడో ముగ్గురికీ తెలుసు. చేతి కదలిక కూడా పెద్దదవుతుంది.

రొనెల్ కప్పులో రస్కు ముక్క విరిగి పడింది. చెంచా కోసం వెతుక్కుంది.

సారెల్ పొడుగు స్కోపుని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టేశాడు. "ఈ పొట్టిది?"

"దాంట్లో లోపల గీతలు ఒక కొలత, పైన గుబ్బలు ఇంకో కొలత. తూటా ఎంత తప్పిందో గీతల మీద చూస్తావు. సరిచెయ్యాలంటే గుబ్బ తిప్పాలి. మధ్యలో మనసులో గుణకారం చేసుకోవాలి. నువ్వు గుణించేలోపు జింక కేప్‌టౌన్ చేరి ఉద్యోగంలో చేరుతుంది."

"మరి బల్ల మీద ఎందుకు పెట్టారు?"

"దాన్ని కావాలన్నవాడికి తుపాకీ కూడా అమ్మకూడదని తెలుసుకోడానికి."

సారెల్ నవ్వబోయి మానేశాడు. మధ్యదాన్ని తీసుకున్నాడు. పై గుబ్బ తిప్పాడు. ప్రతి క్లిక్కూ వేలికి విడివిడిగా తెలిసింది, గట్టిగా కాదు, వదులుగా కాదు. వెనక్కి తిప్పితే సున్నా దగ్గర గోడకి తగిలినట్టు ఆగింది. కంటికి పెట్టుకున్నాడు. లోపల గీతలు సన్నగా, నల్లగా ఉన్నాయి. రెట్లు పెంచితే గీతలూ దాంతోపాటే పెరిగాయి, కొలత మాత్రం మారలేదు.

"ఇదివ్వండి ఊమ్."

"మంచిది ఎంచుకున్నావు."

"అయితే కట్టండి."

"ఇవ్వను."

ఊమ్ ఫాన్ సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆయన దగ్గర స్కోపు కొనాలంటే పాతదాంతో ముందు కాగితం మీద తూటాలతో చతురస్రం కొట్టాలి. అలా కొట్టనివాళ్ళకి ఆయన అమ్మడు. దీని కోసం పాస్టరుగారితో కూడా ఒకసారి గొడవపడ్డాడు.

"పాతదాన్ని తీసేస్తున్నా కదా ఊమ్. దాంతో ఇంకేం పని?"

"తీసేసేదాని తప్పేంటో తెలియకుండా కొత్తదాన్ని ఏం చూసి ఎంచుకుంటావు? మొహం చూసా? స్కోపులో ఎంత దూరం కనబడుతుందని కాదు చూడాల్సింది. తిప్పిన గుబ్బ వెనక్కి తిప్పితే, మొదలుపెట్టిన చోటుకి వస్తోందా లేదా. వచ్చేది స్కోపు. రానిది మామూలు గొట్టం."

సారెల్ సంచీ జిప్పు మీద చెయ్యి వేసి అలాగే ఉన్నాడు. పదకొండు నెలలుగా ఆ జిప్పు అతను తియ్యలేదు. అతని లెక్క సులువే. స్కోపుదే తప్పని తేలితే చెయ్యి బతుకుతుంది. స్కోపు బాగుందని తేలితే ఇక మిగిలింది చెయ్యే. తేల్చుకోకుండా ఉంటే రెండోది నిజం కాకుండా ఉంటుంది. కొత్త స్కోపు పెట్టేసుకుంటే అసలు ఎప్పటికీ తేలదు.

"కొట్టనివ్వు సారెల్," అంది రొనెల్.

సారెల్ ఆమె వైపు చూశాడు. తుపాకీల మాట వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఈ షెడ్డులోకి రావడం ఇదే మొదలు.

"తేలిపోనీ," అంది మళ్ళీ.

జిప్పు తీశాడు.

*

ఊమ్ ఫాన్ రైఫిల్‌ని కిటికీ వెలుగులోకి తిప్పి, జేబులోంచి భూతద్దం తీశాడు. స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచేవి రెండు రింగులు, వాటికి చిన్న స్క్రూలు. ఆయన స్కోపు బిగిస్తే ప్రతి స్క్రూ నెత్తి మీంచి రింగు మీదకి గోళ్ళరంగుతో సన్నటి గీత గీస్తాడు. స్క్రూ వెంట్రుక మందం కదిలినా గీత తెగుతుంది. ఆ రంగు ఆయన భార్య హెస్టర్‌ది. ఆవిడ పోయాక అద్దం ముందు మిగిలిన సీసాలన్నీ షెడ్డులోకి తెచ్చుకున్నాడు.

"గీతలు తెగలేదు," అన్నాడు. "ఏ స్క్రూ కదల్లేదు. పద."

స్క్రూలు తిప్పే కీ బయటికి తియ్యలేదు. అవసరం లేదనుకున్నాడు.

మట్టికట్ట దగ్గర పలక మీద పెద్ద తెల్లకాగితం, కింద ఎడమ మూలకి ఒక నల్లచుక్క. ఊమ్ ఫాన్ బల్ల వెనక కూర్చుని ఇసకసంచుల మీద రైఫిల్ సర్దుకున్నాడు. గురి ఎప్పుడూ ఆ చుక్క మీదే. మొదటి తూటా చుక్కకి. తర్వాత పై గుబ్బ యాభై క్లిక్కులు పైకి, మళ్ళీ చుక్కకే గురి, తూటా అర మీటరు పైన పడాలి. పక్క గుబ్బ యాభై కుడికి, తూటా కుడి మూలన పడాలి. కిందకి యాభై, ఎడమకి యాభై. అలా నాలుగు మూలలూ తిరిగొచ్చాక అయిదో తూటా మొదటి తూటా చిల్లులోకే వెళ్ళాలి.

"నాలుగు మూలలు ఏ చెత్త స్కోపైనా కొడుతుంది," అన్నాడు ఊమ్ ఫాన్, తూటా లోపలికి తోస్తూ. "అయిదోదాని దగ్గర తెలుస్తుంది."

కొట్టాడు. ప్రతి చప్పుడుకీ రొనెల్ భుజాలు కదిలాయి. సారెల్ పలక వైపు చూడలేదు, ఊమ్ ఫాన్ వేళ్ళ వైపే చూశాడు. అయిదూ అయ్యాక ముగ్గురూ కలిసి నడిచి వెళ్ళారు.

ఊమ్ ఫాన్ చిటికెనవేలు మొదటి చిల్లులో పెట్టాడు. ఒకే తూటా వెళ్ళిన చిల్లు అంచు గుండ్రంగా ఉంటుంది. రెండు వెళ్తే ఒక పక్క పెదవిలాగా లేస్తుంది. వేలికి తెలుస్తుంది.

"ఒకటే," అన్నాడు.

అయిదో చిల్లు నాలుగు వేళ్ళ కిందుగా, రెండు వేళ్ళు ఎడమగా ఉంది. మూడోది, నాలుగోది కూడా మూలల్లో లేవు.

"తిరిగి రాలేదు," అన్నాడు ఊమ్ ఫాన్. "నీ స్కోపు చచ్చిపోయింది అబ్బాయ్."

సారెల్ అక్కడే మట్టిలో కూర్చున్నాడు. కాసేపు బూట్ల వైపు చూసి, తర్వాత భార్య వైపు చూశాడు.

"స్కోపు," అన్నాడు. "రొనెల్, స్కోపు."

"విన్నాను," అంది.

"పదకొండు నెలలు. ఒక గాజుముక్క కోసం పదకొండు నెలలు."

ఆమె అతని టోపీ మీద దుమ్ము దులిపింది. "అయిపోయిందిగా. ఇంటికెళ్దాం. మనం ఒకటి మాట్లాడుకోవాలి."

షెడ్డులోకి తిరిగొచ్చాక సారెల్ కాఫీ తనే పోసుకున్నాడు. కుడి చేత్తో. రస్కు కూడా అడిగి తీసుకున్నాడు. పాస్టరుగారితో గొడవ ఎలా జరిగిందో చెప్పమని ఊమ్ ఫాన్‌ని అడిగాడు. ఊమ్ ఫాన్ చెప్తూ, పాత స్కోపు విప్పడానికి కీ తీసుకుని మొదటి స్క్రూలో పెట్టాడు.

"...అప్పుడు పాస్టరుగారు అన్నారూ, ఫాన్, దేవుడు కూడా ఇన్ని పరీక్షలు పెట్టడు అని. నేనన్నాను, దేవుడు స్కోపులు అమ్మడు కదా పాస్టరుగారూ..."

కథ అక్కడ ఆగిపోయింది. కీ తిరిగింది, ఏ బరువూ లేకుండా తిరిగింది. రెండో స్క్రూ వేళ్ళతోనే వచ్చేసింది.

ఊమ్ ఫాన్ మళ్ళీ భూతద్దం తీశాడు. ఒక గీత మీద గోరు పెట్టి గీకాడు. పాత గోళ్ళరంగు గుడ్డుపెంకులాగా పెచ్చులుపెచ్చులుగా రాలాలి. ఇది ఎండకి లేచిన చర్మంలాగా మెత్తగా, చుట్ట చుట్టుకుని వచ్చింది. దాని కింద ఇంకో గీత ఉంది, మధ్యలో తెగిపోయి.

"ఇది హెస్టర్ రంగు కాదు," అన్నాడు.

సారెల్‌కి అర్థం కాలేదు. "అంటే?"

"ఎవరో స్క్రూలు వదులు చేశారు. చేసి, పైన కొత్త గీత గీశారు. నేను గీత చూసి ఊరుకున్నాను, కీ పెట్టి చూడలేదు. వదులు రింగుల్లో కూర్చున్న స్కోపు తూటా తూటాకీ జరుగుతుంది. ఇందాక మనం స్కోపుని పరీక్షించలేదు అబ్బాయ్. వదులు స్క్రూల్ని పరీక్షించాం."

"ఎవరు వదులు చేస్తారు? సంచీ నా మంచం కిందే ఉంటుంది."

"నేనే," అంది రొనెల్.

*

ఆమె గొంతు మామూలుగానే ఉంది. కప్పు పక్కన పెట్టింది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎప్పుడు?" అన్నాడు సారెల్.

"పోయిన మంగళవారం. నువ్వు బడి బస్సు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు."

"జూన్‌లో?"

"జూన్‌లో గట్టిగానే ఉన్నాయి సారెల్. నేను విప్పబోతే కీ తిరగలేదు. మోకాలితో రైఫిల్ అదిమిపెట్టి తిప్పాను."

సారెల్ కుడి చెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని మెల్లిగా తీసి జేబులో పెట్టుకున్నాడు. ఊమ్ ఫాన్ లేచి బయటికి వెళ్ళబోయాడు.

"ఊమ్ ఉండండి," అన్నాడు సారెల్. "ఊళ్ళో అందరూ అనుకుంటున్నదే కదా. మీరూ వినండి." భార్య వైపు తిరిగాడు. "నువ్వు కూడా నా చెయ్యే అనుకున్నావు."

"అనుకున్నాను."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో నాకేం తెలుసు? నువ్వు అనుకుంటున్నావు, అందుకని నేనూ అనుకున్నాను. నేను నిద్రపోయాననుకుని చెయ్యి పైకెత్తి చూసుకుంటావు. వేళ్ళు విడదీసి, ఊపిరి బిగబట్టి. రోజూ. మీ నాన్న కూడా అలాగే చూసుకునేవాడని నువ్వే చెప్పావు. అది పక్కన పడుకుని చూడటం ఎలా ఉంటుందో తెలుసా నీకు?"

"అందుకని నాకు అబద్ధం తయారుచేశావు."

"మందు తయారుచేశాననుకున్నాను."

"సోమవారం పొలంలో మనుషులుంటారు రొనెల్. పడిన జింకల్ని ఎత్తేవాళ్ళుంటారు. చెయ్యి నిజంగానే పోయి ఉంటే, కొత్త స్కోపు పెట్టుకుని వాళ్ళ మధ్యకి వెళ్ళేవాణ్ణి. అది ఆలోచించావా?"

"నిన్ను వెళ్ళనిచ్చేదాన్ని కాదు." మొదటిసారి ఆమె గొంతు కొంచెం లేచింది. "ఇంటికెళ్ళి అడుగుదామనుకున్నాను, ఇక మానెయ్యమని. బడి బస్సులు చూసుకుందువుగాని అని. తప్పు స్కోపుదని ఊమ్ ఫాన్ నోటితో చెప్తే తలెత్తుకుని మానేస్తావనుకున్నాను. ఇప్పుడు మానేస్తే తల దించుకుని మానేస్తావు. నాకు ఆ తేడా కావాలి. అంతే."

పైన రేకులు ఎండకి టిక్కుటిక్కుమంటున్నాయి. ఊమ్ ఫాన్ దువ్వెన తీసి, దువ్వుకోకుండానే మళ్ళీ మేజోడులో పెట్టుకున్నాడు.

"మీ ఇద్దరి సంగతి మీ ఇంట్లో చూసుకోండి," అన్నాడు. "నా షెడ్డులో సగం అయిన పని ఒకటుంది. నేను సగంలో వదలను."

స్క్రూలన్నీ శుభ్రం చేశాడు. బిగువు చూపించే కీతో ఒక్కొక్కటీ మార్చి మార్చి బిగించాడు. హెస్టర్ సీసా తీసి, అగ్గిపుల్ల ముంచి కొత్త గీతలు గీశాడు. బయట బల్ల దగ్గర రెండు తూటాలతో గురి మళ్ళీ సున్నాకి కుదిర్చాడు. పలక మీద కొత్త కాగితం పెట్టి వచ్చాడు. అప్పుడు లేచి నిలబడి కుర్చీ వెనక్కి లాగాడు.

"ఈసారి నువ్వు."

"నేను కొట్టను ఊమ్."

"స్కోపు నేను చూస్తాగా, నీ చెయ్యి నేనెలా చూసేది? నా చెయ్యి పెట్టి చూడాలా?"

"స్కోపు బాగుంటే చాలు. మిగతాది అందరికీ తెలుసు."

"అందరికీ తెలుసు కాబట్టే అడుగుతున్నాను. ఎవరూ చూడకుండా తెలిసింది అది. కూర్చో."

సారెల్ భార్య వైపు చూశాడు. ఆమె వద్దని తల అడ్డంగా ఊపలేదు, కొట్టమని నిలువుగా ఊపలేదు. వచ్చి అతని ఎడమవైపు నేల మీద కూర్చుంది.

అతను కూర్చున్నాడు. చెంప రైఫిల్‌కి ఆనించాక అంతకుముందున్న మనిషి పోయి ఇంకో మనిషి వచ్చినట్టయింది, భుజాలు దిగాయి, ఊపిరి నెమ్మదించింది. మొదటి తూటా. పైకి యాభై, రెండోది. కుడికి యాభై, మూడోది. కిందకి యాభై, నాలుగోది. పెదాలతో లెక్కపెడుతూ ఎడమకి యాభై తిప్పాడు. ఆ తర్వాత చాలాసేపు కొట్టలేదు. రొనెల్ కళ్ళు మూసుకుంది. కొట్టాడు.

ఈసారి ఊమ్ ఫాన్ ఒక్కడే నడిచి వెళ్ళాడు. మోకాలు ఈడ్చుకుంటూ, తాపీగా. మొదటి చిల్లులో చిటికెనవేలు పెట్టాడు. తీసి, మళ్ళీ పెట్టాడు. అటు నుంచే చెయ్యి ఊపి సారెల్‌ని పిలిచాడు.

"వేలు పెట్టు."

సారెల్ కుడిచేతి చిటికెనవేలు పెట్టాడు. చిల్లు ఒక పక్క పెదవిలాగా లేచి ఉంది.

"రెండు," అన్నాడు.

"రెండు. నాలుగు మూలలూ మూలల్లోనే ఉన్నాయి. నీ చేతిలో ఏ రోగమూ లేదు, నీ స్కోపులో ఏ లోపమూ లేదు. నా బల్ల మీదున్న మూడింటికంటే అదే నయం. అందుకని నీకు కొత్తది అమ్మను. తాన్నీ డలేనాకి నేను ఫోను చేస్తాను."

సారెల్ వేలు ఇంకా తియ్యలేదు. వెనక నుంచి రొనెల్ వచ్చి నిలబడింది. ఏడుస్తోంది గానీ చప్పుడు లేదు. అతను ఆమె వైపు తిరగలేదు, దూరంగానూ జరగలేదు.

"మరి దవడ?" అన్నాడు. "చెయ్యి బాగుండి, స్కోపు బాగుండి, ఆ జింక దవడ ఎవరు పగలగొట్టారు?"

"అదే అడుగుదామనుకుంటున్నాను. ఆ రోజు ఇంకా ఏమైనా తప్పాయా?"

"దానికి ముందు మూడు. తగల్లేదు, మట్టి లేచింది."

"ఎటు లేచింది?"

"కాళ్ళ దగ్గర."

"మూడూ?"

"మూడూ. పక్కకి పోలేదు. నిటారుగా కిందకే. దవడదీ అంతే, తలకి గురి పెడితే కిందకి దిగింది."

ఊమ్ ఫాన్ పలకకి వీపు ఆనించాడు. "వణికే చెయ్యి ఒకసారి పైకి కొడుతుంది, ఒకసారి పక్కకి కొడుతుంది. నాలుగు సార్లూ ఒకే పద్ధతిగా కిందకి కొట్టడం ఏ వణుక్కీ రాదు. నీకు దూరం తక్కువ చెప్పారు. తక్కువ దూరానికి గుబ్బ తిప్పావు, తూటా అందలేదు. ఇది తెలుసుకోడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. వెర్మాక్ చెయ్యి అన్న మాట ముందే తయారుగా ఉంది కాబట్టి మనం ఎవరమూ ఇది అడగలేదు."

సారెల్ చిల్లులోంచి వేలు తీశాడు.

"ఆ రోజు నీ పక్కన కూర్చుని దూరం కొలిచి చెప్పిందెవరు?"

"ఎప్పుడూ చెప్పేవాడే," అన్నాడు సారెల్. "సోమవారం చెప్పేదీ వాడే. వెస్సెల్."

ఊమ్ ఫాన్ తల ఊపాడు. కాసేపు మట్టికట్ట వైపు చూసి, రొనెల్ వైపు తిరిగాడు. ఆయన గొంతు మారలేదు.

"అమ్మాయ్, నీకు తుపాకీ అంటే గిట్టదు. ఏ వైపు తూటా పెడతారో కూడా తెలియదు. ఇన్ని స్క్రూలుంటే అందులో ఏవి వదులు చెయ్యాలో, వాటికి ఏ కీ పడుతుందో, పైన గీత మళ్ళీ గియ్యకపోతే నేను పట్టేస్తాననీ నీకెలా తెలుసు?"

రొనెల్ కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి మధ్యలో ఆగింది.

"మీ ఆయన మనశ్శాంతి కోసం అన్నాడు అన్నయ్య," అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే. "నీ చేత్తో చెయ్యి, నేను చేస్తే వాడికి అనుమానం వస్తుంది అన్నాడు. రంగు సీసా కూడా..."

అక్కడ ఆగి రోడ్డు వైపు చూసింది. మిగతా ఇద్దరూ అటు చూశారు.

దూరంగా, కరూలో దేన్నీ దాచని ఆ తిన్నటి మట్టిరోడ్డు మీద దుమ్ము లేస్తోంది. దాని ముందు తెల్లటి బక్కీ. ఒంటిగంటకి వస్తానన్న మనిషి, పదకొండైనా కాకుండానే వచ్చేస్తున్నాడు.

ఊమ్ ఫాన్ పలక మీద కాగితం ఊడదీసి సారెల్ చేతిలో పెట్టాడు.

"దీన్ని లోపల పెట్టు," అన్నాడు. "రైఫిల్ మాత్రం బల్ల మీదే ఉండనీ. స్క్రూలు ఇంకా వదులుగానే ఉన్నాయని వెస్సెల్ అనుకోనీ."